ఏ పచ్చ అని నేను అడగలేదు

ముందుగా ఒక అబద్ధం

జంషెడ్‌పూర్‌లో కంప్యూటర్ తెర మీద మొట్టమొదట రంగులు చూపించినవాణ్ని నేనే. సాక్చీ నుంచి సోనారి దాకా ఏ ఆఫీసులో తెర వెలిగినా అందులో నా చెయ్యి ఉండేది.

ఈ రెండు మాటలూ నేను చాలా చోట్ల చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, రైలు ప్రయాణాల్లో చెప్పాను, ఒకసారి ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయికి కూడా చెప్పాను. మొదటి మాట పూర్తిగా అబద్ధం. నేను ఈ పనిలోకి వచ్చేసరికే ఊళ్లో రంగుల తెరలు పాతబడ్డాయి. రెండో మాటలో పావు వంతు నిజం ఉంది. బిష్టుపూర్‌లో ఒక చిన్న కంప్యూటర్ షాపులో రిపేరు పని చేసేవాణ్ని. కార్డు మీద సర్వీస్ ఇంజనీర్ అని అచ్చువేశారు. నేను చదివింది ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు. స్కూటర్ డిక్కీలో ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు, పది ఫ్లాపీలు పెట్టుకుని తిరిగిన మనిషిని ఇంజనీర్ అంటే నేనూ కాదనలేదు.

మన తెలుగు పిల్లలు కొందరు ఇప్పుడు ఇదే పనిలో చేరుతున్నారు. పని ఎలా ఉండేదో రాసిపెట్టమని అడిగారు. వాళ్లలో సగం మందికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో అమ్మ చదివి వినిపిస్తే వాళ్లు హిందీలో ప్రశ్నలు అడుగుతారు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. నేను చేసిన పెద్ద తప్పు తెలుగులోనే జరిగింది.

ఒక డబ్బా రంగు

‘కంప్యూటర్ ఖరాబ్ హో గయా’ అని, అంటే పాడైపోయిందని, ఫోన్ వచ్చేది. వెళ్లి చూస్తే పది సార్లలో ఐదు సార్లు కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. అక్షరాలు మరీ చిన్నవైపోయాయి, లేదా బొమ్మలు తెరకి బయటికి పోయాయి, లేదా ఫోటోలో మనిషి మొహం మీద చారలు పడ్డాయి. ఖాళీ జాగాలో మౌస్ కుడి మీట నొక్కి సెట్టింగ్స్ తెరిస్తే అక్కడ రెండే ఉండేవి. ఎడమవైపు ఎన్ని రంగులు కావాలో ఒక జాబితా. కుడివైపు తెర ఎంత వెడల్పు కావాలో జరుపుకునే గీత. రెండో మూడో నొక్కులు నొక్కితే అయిపోయేది. నేను మాత్రం అరగంట చేసేవాణ్ని. వెనకాల మూత విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగించి, అప్పుడు ఆ రెండు నొక్కులు నొక్కేవాణ్ని. మూత విప్పకపోతే జనానికి నమ్మకం కుదరదు.

ఇప్పటి పిల్లలకి తెలియనిది ఒకటుంది. ఆ రోజుల్లో బొమ్మ కోసం కేటాయించిన మెమరీ చాలా కొంచెం. అదొక డబ్బా రంగు అనుకోండి. చిన్న గోడకి వేస్తే చిక్కగా పడుతుంది. అదే డబ్బాతో పెద్ద గోడ వెయ్యమంటే పలచబడుతుంది. తెర వెడల్పు గీతని కుడికి జరిపితే, ఎడమవైపు రంగుల లెక్క దానంతటదే వేల నుంచి రెండు వందల యాభై ఆరుకి పడిపోయేది. ఎవరూ పడెయ్యరు, ఏ గంటా మోగదు. చూసుకున్నవాడికి కనబడేది, లేకపోతే లేదు.

ఈ డబ్బా పోలిక నాదని కూడా చెప్పుకున్నాను. నాది కాదు. మా షాపు యజమాని ముఖర్జీ బాబుది. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవాడు. కోపం వస్తే గొంతు తగ్గించేవాడు, అందుకని ఆయన మెల్లగా మాట్లాడితే మాకు చెమట పట్టేది. ఆయన నేర్పిన పాఠం ఇంకొకటుంది. నేను నేర్చుకోనిది అదే.

తెర వెడల్పు మార్చగానే కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ మార్పు ఉంచమంటారా, పాతది తెమ్మంటారా అని. పదిహేను సెకన్లు ఆగుతుంది. ఎవరూ ఏమీ అనకపోతే పాతది తెచ్చేస్తుంది. ముఖర్జీ బాబు షరతేమిటంటే, ఆ ప్రశ్న రాగానే మేము కుర్చీలోంచి లేవాలి. ఆ కంప్యూటర్ ఎవరిదో ఆ మనిషిని కూర్చోబెట్టాలి. రోజూ ఏం చూస్తారో అదే తెరిపించి, కళ్లతో చూసి, వాళ్ల చేత్తోనే ‘ఉంచు’ అని నొక్కించాలి. టైము చాలక పాతది వచ్చేస్తే మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ‘వో పంద్రహ్ సెకండ్ తుమ్హారా నహీ హై, అప్పారావు, కస్టమర్ కా హై’ అనేవాడు మెల్లగా. ఆ పదిహేను సెకన్లు నీవి కావు, కస్టమర్‌వి అని.

నేను తల ఊపేవాణ్ని. కస్టమర్ దగ్గరికి వెళ్లాక మూడో సెకన్లో నేనే నొక్కేసేవాణ్ని. ఊళ్లో నా అంత వేగంగా నొక్కేవాడు లేడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా నేనే.

సువార్తమ్మ టీచరు కళ్లద్దాలు

మొదటి దెబ్బ చిన్నది. కద్మాలో ఒక బడి ఆఫీసులో సువార్తమ్మ అనే టీచరుగారు ప్రశ్నపత్రాలు టైపు చేసేవారు. కాకినాడ వైపు కుటుంబం, క్రైస్తవులు, పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ఆవిడ కంప్యూటర్‌లో పేజీ అంతా ఒకేసారి కనబడటం లేదని పిలిచారు. నేను గీతని కుడి చివరికంటా జరిపాను. పేజీ మొత్తం కనబడింది, అక్షరాలు చీమలంత అయ్యాయి. నా కళ్లకి ముచ్చటగానే ఉన్నాయి. ఉంచు అని నొక్కి, ‘చూడండి టీచరుగారూ, ఇప్పుడు ఇది పెద్ద ఆఫీసుల్లో పెట్టే సెట్టింగు’ అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పి బిస్కెట్లు పెట్టారు.

ఏడాది తర్వాత కీబోర్డు మార్చడానికి వెళ్లాను. ఆవిడ మెడ ముందుకి చాచి, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి టైపు చేస్తున్నారు. ఈలోగా రెండుసార్లు కళ్లద్దాలు మార్పించుకున్నారట. తలనొప్పికి మాత్రలు కూడా వేసుకుంటున్నారు. నన్ను పిలవలేదేం అని అడిగాను.

‘నువ్వు పెద్ద ఆఫీసుల్లో పెట్టే సెట్టింగన్నావు కదయ్యా. తప్పు నా కళ్లదే అనుకున్నాను’ అన్నారు.

గీతని ఎడమకి జరిపాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు, తుడుస్తూనే ఉన్నారు.

అప్పుడే నాకు బుద్ధి రావాలి. కంప్యూటరూ మనిషీ ఎదురెదురుగా కూర్చుంటే, తేడా వచ్చినప్పుడు మనిషి తననే అనుమానించుకుంటాడు. ముఖ్యంగా మర్యాదస్తులు, చేతిపని బాగా తెలిసినవాళ్లు. కార్డు మీద ఇంజనీర్ అని ఉన్నవాడు పక్కనే నిలబడి ‘బాగుంది’ అంటే ఇక చెప్పనక్కర్లేదు. ఈ ముక్క నాకు ఆ రోజే అర్థమైందని ఇంతకాలం చెప్పుకున్నాను. అర్థం కాలేదు. బిస్కెట్లు తిని వచ్చేశాను.

గుప్తాజీ కొట్టు

బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లకి దగ్గర్లో గుప్తాజీ అని ఒకాయనకి కళ్లద్దాల కొట్టు ఉండేది. మంచి మనిషి. ఎవరిదో పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి, గోడకి వేలాడే అక్షరాల అట్టకి బదులు తెర మీదే అక్షరాలు చూపించాలని ముచ్చటపడ్డాడు. నన్ను పిలిచి, అట్ట మొత్తం పైనుంచి కింది వరస దాకా ఒకేసారి కనబడాలన్నాడు.

గీతని కుడికి జరిపాను. ఎడమవైపు రంగులు రెండు వందల యాభై ఆరుకి పడిపోయాయి. ఈసారి నేను చూశాను. చూడలేదని ఒకరిద్దరితో అన్నాను గాని, చూశాను. నల్ల అక్షరాలు, తెల్ల తెర, దీనికి రంగులెందుకు అనుకున్నాను. గుప్తాజీ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టలేదు. దీనితో ఇంకేమేం చూపిస్తారని అడగలేదు. మూడో సెకన్లో నొక్కేశాను.

కొన్నాళ్లకి ఫ్రేములు అమ్మేవాడెవడో గుప్తాజీకి ఒక సీడీ ఇచ్చాడు. అందులో చుక్కల బొమ్మలు. మీరు చూసే ఉంటారు. గుండ్రటి బొమ్మ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్యలో వేరే రంగు చుక్కలతో ఒక అంకె. రంగులు తెలిసిన కంటికి అంకె కనబడుతుంది, తెలియని కంటికి చుక్కలే కనబడతాయి. రైల్వేలో ఇంజన్ నడిపేవాళ్లకి మెడికల్ పరీక్షలో ఇలాంటివే పుస్తకంలో చూపిస్తారు. బాగ్‌బేరాలో సగం ఇళ్లు రైల్వేవాళ్లవే కాబట్టి, పరీక్షకి ముందు తన కొట్లో ఒకసారి చూసుకుంటే ధైర్యంగా ఉంటుందని గుప్తాజీ ఉద్దేశం. అందులో దురాశేమీ లేదు. ఉచితంగానే చూపిస్తానన్నాడు.

మా రమణక్క మొగుడు, సింహాచలం బావ, గూడ్స్ బండి డ్రైవరు. ఇనప ఖనిజం బండ్లు నడిపేవాడు. మాది టెక్కలి వైపు. మా నాన్నలూ వాళ్ల నాన్నలూ ఇక్కడి టాటానగర్ రైల్వే యార్డులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. బావ నాకంటే పన్నెండేళ్లు పెద్ద. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ వినేవాడు. ఆయన తన పని గురించి గొప్పలు చెప్పుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ లోటు ఆయన తరఫున కూడా నేనే తీర్చేవాణ్ని.

బావకి మెడికల్ పరీక్ష ఇంకా రెండు నెలలుంది. పేపరు చదవడానికి అద్దాలు కావాలని గుప్తాజీ కొట్టుకి వెళ్లాడు. అద్దాలు చూసిన తర్వాత గుప్తాజీ చుక్కల బొమ్మలు తీశాడు. వాటిని మొదట చూసింది బావే, గుప్తాజీ తెర వంక కాక చేతిలో ఉన్న జవాబుల కాయితం వంక చూస్తున్నాడు.

పచ్చ

తర్వాతి ఆదివారం నేను అక్కా వాళ్ల క్వార్టర్‌కి భోజనానికి వెళ్లాను. బావ వరండాలో లైన్ బాక్సు ముందేసుకుని తుడుస్తున్నాడు. డ్యూటీకి వెళ్లేటప్పుడు డ్రైవర్లు తీసుకెళ్లే ఇనప పెట్టె అది. బట్టలు, వంట సామాను, టార్చి, జెండాలు అన్నీ అందులోనే. అప్పటికే తుడిచిన పెట్టెని మళ్లీ తుడుస్తున్నాడు.

‘ఒరే అప్పారావు, కంప్యూటర్ అబద్దం సెప్తాదేటి?’ అని అడిగాడు.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో కనుక్కోవాలి కదా. నేను కనుక్కోలేదు. ‘కంప్యూటర్ అబద్ధం చెప్పదు బావా. మనుషులే చెప్తారు’ అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

ఆయన గుడ్డ మడత పెట్టి మెల్లగా చెప్పాడు. గుప్తా కొట్లో చుక్కలు చూపించారని, ఆ చుక్కల్లో అంకెలున్నాయంటున్నారని, తనకి ఒక్కటీ కనబళ్లేదని.

‘మరేం కనబడింది?’

‘అంతా ఒకటే పచ్చ.’

‘ఎర్ర చుక్కలు కూడానా?’

‘ఎర్ర ఎక్కడున్నాదిరా. అంతా పచ్చేనంటన్నాను కదా.’

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ మాటల్లో పచ్చ అంటే పసుపు రంగు. పచ్చ చీరంటే పసుప్పచ్చ చీరే. మా వైపు అందరికీ అంతే. ఆకు రంగైతే ఆకుపచ్చ అని విడిగా అంటారు. నాకు గుంటూరు సంబంధం చేశారు. మా ఆవిడకి పచ్చ అంటే ఆకు రంగు. పెళ్లైన కొత్తలో పచ్చ రవిక తెమ్మంటే పసుపు రవిక తెచ్చి మాట పడ్డాను. పదిహేనేళ్లు కాపురం చేసేసరికి నా పచ్చ మారిపోయింది. మా పిల్లలకి ఈ గొడవే లేదు. ఆకు రంగుని హరా అంటారు, పసుపుని పీలా అంటారు.

బావ చెప్పింది పసుపు. నేను విన్నది ఆకుపచ్చ. ఎరుపు ఈయనకి ఆకుపచ్చగా కనబడుతోందన్నమాట అనుకున్నాను. రంగులు తెలియని కళ్లవాళ్లకి జరిగేది సరిగ్గా అదే అని ఏదో పత్రికలో చదివాను. అంతా పసుపుగా కనబడిందని తెలిసుంటే, ఇన్నేళ్లు సిగ్నళ్లు చూసిన కళ్లకి ఉన్నట్టుండి అలా కాదనీ, రంగులు పడిపోయిన తెరే అలా చేస్తుందనీ నాకు తట్టి ఉండేది. నేను పెట్టిన తెరే కదా. ఏ పచ్చ బావా అని రెండు మాటలు అడిగితే సరిపోయేది.

అడగకపోగా వైద్యం చెప్పాను. ఇది పుట్టుకతో వస్తుందని, ఇన్నేళ్లు పరీక్షలు పాసైనా కొందరిలో ఆలస్యంగా బయటపడుతుందని, మందు లేదని చెప్పాను.

బావ మడత పెట్టిన గుడ్డని మళ్లీ విప్పాడు. తర్వాత, ‘సిగ్నల్ దగ్గర ఎరుపు నాకు ఎరుపుగానే కనబడతాది మరి’ అన్నాడు.

దానికి నేనిచ్చిన జవాబు ఈ రాతలో అన్నిటికంటే కష్టపడి రాస్తున్నాను. ‘అది అలవాటు బావా. ఏ దీపం పైనుంటుందో ఏది కిందుంటుందో నీకు తెలుసు కదా. జాగా చూసి రంగు అనుకుంటున్నావు’ అన్నాను.

తెలివైన మాట. ఎక్కడా పట్టు దొరకదు. ఇరవై ఆరేళ్లు ఇంజన్ మీద కూర్చున్న మనిషి తన కళ్లని ఎలా రుజువు చేసుకుంటాడు? లోపల అక్క అన్నం వడ్డించానని పిలిచింది. నేను వెళ్లి తిన్నాను. బావ తర్వాత తింటానన్నాడు.

ఇంజన్ మీద డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ చూడగానే ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. మొదటి మాట ఎప్పుడూ బావదే. ఆ ఆదివారం తర్వాత ఆయన అసిస్టెంటు చెప్పేదాకా ఆగడం మొదలుపెట్టాడట. అసిస్టెంటు చెప్పాక తను చెప్పేవాడు. ఒకసారి పొగమంచులో ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగారు. ఎవరూ చెప్పలేదు. పచ్చదీపమే ఉంది, ఏమీ కాలేదు. ఆకుపచ్చ దీపం అని రాయాలి, క్షమించండి. కాని ఆ డ్యూటీ దిగగానే బావ ఆఫీసుకి వెళ్లి, ఒంట్లో బాగులేదని, ఇంజన్ పని చెయ్యలేనని, వేరే పని ఇమ్మని కాయితం ఇచ్చాడు. కళ్ల సంగతి రాయలేదు.

అలా నేను మా బావని ఇంజన్ మీంచి దించేశాను.

చుక్కలు

ఆ కాయితం సంగతి అప్పటికి నాకు తెలియదు. ఇచ్చిన నాలుగో రోజున, మౌస్ పనిచెయ్యడం లేదని గుప్తాజీ కబురు పెడితే వెళ్లాను. తెర మీద చుక్కల బొమ్మ ఉంది. అందులో అంకె ఎంతో చూద్దామని చూశాను. కనబడలేదు. కళ్లు నులుముకున్నాను. తర్వాతి బొమ్మ తీశాను. చుక్కలన్నీ ఒకటే రంగు. ఎండిన పసుపు కొమ్ము రంగు.

నోటినుంచి ‘అంతా ఒకటే పచ్చ’ అని వచ్చింది. మా అమ్మ పచ్చ. బావ అన్నదీ ఇదే పచ్చ.

కుడి మీట నొక్కి చూశాను. రెండు వందల యాభై ఆరు. గీత ఎడమకి, రంగులు పైకి. తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలిగింది. నారింజ చుక్కలు ఒకవైపు, ఆకుపచ్చ చుక్కలు ఒకవైపు విడిపోయి, మధ్యలో ఐదు అంకె నిలబడింది. ఈసారి నేను నొక్కలేదు. ఆ ఐదు వంకే చూస్తూ ఉండిపోయాను. పదిహేను సెకన్లు అయిపోయి పాతది వచ్చేసింది. ఐదు పోయింది. మళ్లీ మొదటినుంచి చేసి, గుప్తాజీని కూర్చోబెట్టి, ఆయన చేతనే నొక్కించాను.

ఆయన తెర వంక చూసి, నా వంక చూశాడు. ‘పహలే భీ ఆప్ హీ నే కియా థా న?’ అన్నాడు. ముందు చేసింది కూడా మీరే కదా అని. నేను మెషీన్ పాతదైపోయిందని ఏదో గొణిగాను.

స్కూటర్ మీద బావ ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో ఉన్నాడు. లైన్ బాక్సు అక్కడ లేదు. నేను కుర్చీ కూడా లాక్కోకుండా చెప్పాను. ‘బావా, నీ కళ్లకేమీ లేదు. గుప్తా కంప్యూటర్‌లో రంగులు చెడిపోయాయి. నేను కనిపెట్టాను.’

నేను కనిపెట్టాను అన్నాను. వింటున్నారు కదా.

బావ, ‘ఓహో’ అన్నాడు. కాయితం ఇచ్చేశానని చెప్పాడు. వెనక్కి తీసుకోమన్నాను. వాళ్లే ముందు మెడికల్‌కి పంపుతారని, చూద్దామని అన్నాడు. పంపారు. అక్కడ పుస్తకం చూపించారు, చీకటి గదిలో దీపాలు చూపించారు. అన్నీ సరిగ్గా చెప్పాడు. ఆయన పైఅధికారి పిలిచి, కాయితం చించేస్తాను, రేపట్నుంచి బండి ఎక్కమన్నాడట. బావ ఒప్పుకోలేదు.

అక్క ఏడ్చింది, నేను బతిమాలాను. అప్పుడు బావ చెప్పిన మాట ఇది: ‘దీపం సూసి, ఇది నిజివేనా అని ఒక్క పాలి అనుకున్నోడు మరి ఎక్కకూడదురా. నా ఎనకాల యాభై పెట్టెలుంటాయి. ఎదర మనుషులుంటారు.’

మిగిలిన సర్వీసంతా డ్రైవర్లు డ్యూటీకి వచ్చి సంతకం పెట్టే గదిలో రిజిస్టరు ముందు కూర్చున్నాడు. తనకంటే చిన్నవాళ్లు పెట్టెలు పట్టుకుని వచ్చి సంతకం పెట్టి ఇంజన్ ఎక్కడానికి వెళ్లేవారు. రిటైరైన రోజు పూలదండలు ఆ గదిలోనే వేశారు. డ్రైవరు రిటైరైతే చివరి బండి దిగగానే ఇంజన్ దగ్గర వేస్తారు.

నేను చెప్పుకున్న కథ

ఈ కథ మన బంధువులందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, కళ్లద్దాల కొట్టువాడి డొక్కు కంప్యూటర్ మూలాన మా బావ కళ్లు పోయాయనుకుంటే, నేను వెళ్లి ఒక్క నొక్కుతో కనిపెట్టి ఆయన కళ్లు ఆయనకి తిరిగి ఇచ్చానని తెలుసు. ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ బావ అదే పందిట్లో ఎక్కడో కూర్చుని ఉండేవాడు. ఏ రోజూ కాదనలేదు. ఆయనకి తెలియదనుకున్నాను.

పిల్లలకి నా మాట ఇది. ఇప్పటి కంప్యూటర్లలో రంగుల లెక్క ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, కోట్లలో ఉంటాయి. కాని తెర వెడల్పు మార్చగానే ఆ ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. ఉంచమంటారా అని. కొన్ని సెకన్లు ఆగుతుంది. అప్పుడు లేచి నిలబడండి. ఏది మారుస్తున్నారో, మారుస్తుంటే దానంతటదే ఇంకేం మారిపోతోందో కాయితం మీద రాసుకోండి. కంటికి హాయిగా ఉండాలని సాయంత్రం తెరని పసుపు చేసే మీట ఒకటి వచ్చింది, అది వేసి మరిచిపోయిన తెర మీద చీర రంగు చూసి కొన్నవాళ్లు నాకు తెలుసు. రంగు గురించి ఎవరైనా చెప్తే పేరుతో వినకండి. వేలుపెట్టి చూపించమనండి, ఆకులాగానా పసుపులాగానా అని అడగండి. ‘మీ కళ్లదే తప్పు’ అనే మాట మన నోట రాకూడదు. మనకి ఆ చదువు లేదు. ముఖర్జీ బాబు పోయి చాలా కాలమైంది. ఆయన బతికుండగా ఈ సంగతి చెప్పలేకపోయాను. విని ఉంటే గొంతు తగ్గించేవాడు.

వినిపించిన రోజు

ఇదంతా రాశాక, అచ్చుకి ఇచ్చేముందు బావకి వినిపించాలనిపించింది. బాగ్‌బేరాలోనే ఉంటున్నాడు. ఈ మధ్యే రెండు కళ్లకీ శుక్లాలు తీశారు. చుక్కల మందు వేసుకుని నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని చదివాను. గుప్తాజీ కొట్టు దగ్గరికి వచ్చాను. మూడో సెకన్లో నొక్కేశాను అన్న చోట ఆగిపోయాను.

‘సదువు. గుప్తా ఆ వారవే సెప్పేడు నాకు’ అన్నాడు బావ.

ఎన్నో పెళ్లిళ్లు నా కళ్ల ముందు తిరిగాయి. మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాను.

‘నువ్వు సెప్తావని సూసేను.’

అంతే అన్నాడు. కోపంగా అనలేదు, దయగానూ అనలేదు. చదవమని చెయ్యి ఊపాడు. చదువుతూ వెళ్లాను. ఆదివారం, లైన్ బాక్సు, పచ్చ, పొగమంచు, కాయితం. ఒక వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

‘ఏటి రాసేవక్కడ? మళ్లీ సదువు.’

‘అలా బావ తనంతట తానే ఇంజన్ దిగిపోయాడు’ అని చదివాను.

‘దిగిపోనేదు. నువ్వు దించేవు.’

జేబులోంచి పెన్ను తీశాను. ఆ వాక్యం కొట్టేసి, పైన మీరు చదివిన వాక్యం రాశాను. రాసినది వినిపించాను. నల్లద్దాల వెనక కళ్లు ఎటు చూస్తున్నాయో నాకు తెలియలేదు. ఈసారి నేను తొందరపడలేదు. స్టూలు మీంచి లేచి నిలబడి, ఆయన చెప్పేదాకా ఆగాను.

‘ఉంచు’ అన్నాడు.